పూలగుత్తి పట్టిన చెయ్యి

ఆదోనిలో ఎవరింట్లోనైనా పీఓపీ సీలింగు వేయించాలంటే రెహాన్‌ను పిలుస్తారు. మధ్యలో పెద్ద పువ్వు, నాలుగు మూలలా తీగలు, తీగల వెనక దాచిన లైట్లు. ఆ పని చేతులే చేసేస్తాయి, అతను చూడనక్కర్లేదు. అయితే అతని మనసు ఏనాడూ సీలింగుల్లో లేదు.

పద్దెనిమిదేళ్లకే బెంగుళూరు వెళ్లి ఆరేళ్లు ఒక విగ్రహాల కార్ఖానాలో పనిచేశాడు. ఐదువందల ఏళ్ల కిందట ఇటలీ శిల్పులు పాలరాతిలో చెక్కిన బొమ్మలకు అక్కడ నకళ్లు పోసేవాళ్లు. అవి హోటళ్లకూ, పెద్దవాళ్ల ఇళ్లకూ వెళ్లేవి. కార్ఖానా మూసేసిన రోజు పాత రబ్బరు అచ్చులన్నీ చెత్తలో వేయబోతుంటే, రెహాన్ ఓనర్ని బతిమాలి మూడు తెచ్చుకున్నాడు. ఒకటి దావీదు తల, ఒకటి గడ్డం పెద్దాయన మోషే, మూడోది గుండెల మీద పూలగుత్తి పట్టుకున్న ఒక ఆడమనిషి.

ఎమ్మిగనూరు రోడ్డులో రేకుల షెడ్డు తీసుకుని ఆ బొమ్మలు పోయడం మొదలుపెట్టాడు. దావీదు తలను ఒక జిమ్ము వాళ్లు తీసుకెళ్లారు. మోషేను ఎవరో ఋషి అనుకుని ఆయుర్వేదం మందులు అమ్మే ఆయన తీసుకెళ్లాడు. ఆ తరవాత నాలుగేళ్లు ఎవరూ రాలేదు. రెహాన్ మళ్లీ సీలింగుల కిందే మెడ పైకెత్తి నిలబడ్డాడు.

అతనికి ఉన్నది అక్క ఒక్కతే, కౌసర్. ఆపా అని పిలుస్తాడు. అతనికన్నా పన్నెండేళ్లు పెద్ద. అమ్మ పోయినప్పుడు రెహాన్‌కు నాలుగేళ్లు. తండ్రి బడే సాబ్ గోడలు కట్టే గౌండ పని మీద ఊళ్లు తిరుగుతుంటే కౌసరే వాణ్ని పెంచింది. పెళ్లయి వెళ్లిన రెండేళ్లకు భర్త చనిపోతే తిరిగి వచ్చేసింది. తండ్రి కూడా పోయాక అక్కాతమ్ముళ్లు ఇద్దరే మిగిలారు. షెడ్డు వెనకనే రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కౌసర్ చట్రం పరుచుకుని పెళ్లికూతుళ్ల జాకెట్లకు మగ్గం వర్క్ చేసేది. ఇందు అనే అమ్మాయి ఆమె దగ్గర పని నేర్చుకుంటూ ఉండేది. కౌసర్ కుట్టిన నెమలి మెడలో ఒక్క పూస కూడా పక్కకు ఒరగదని పేరు.

ఆ ఏడాది ఆదోని పత్తి వ్యాపారి నాగేశ్వరయ్య ఎమ్మిగనూరులో ఫంక్షన్ హాలు కట్టించాడు. సీలింగు పని మాట్లాడ్డానికి షెడ్డుకు వచ్చి, గోడకు ఉన్న పూలగుత్తి ఆడమనిషి ఫోటో ముందర ఆగాడు.

"ఈయమ్మ ఎవురప్పా?" అన్నాడు.

"ఎవరో తెలీదు సార్. ఇటలీలో చెక్కినారు. ఐదువందల ఏండ్లాయ. అసలు బొమ్మ ఆడ మ్యూజియంలో ఉంది. నా కాడ అచ్చు ఉంది."

నాగేశ్వరయ్య కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "చేతులు చూడు, ఎట్ల పెట్టుకోనుందో. పూలు పట్టుకోని వాకిట్లో నిలబడినట్లుంది. మన హాలు వాకిట్లో పెడదాం. వచ్చినోళ్లను రమ్మన్నట్లుంటాది."

రెహాన్‌కు ఆ మాట మూడు రోజులు చెవిలోనే ఉంది. కర్నూలు నుంచి, బళ్లారి నుంచి ఆ హాలుకు పెళ్లివాళ్లు వస్తారు. చూసినవాళ్లలో పదిమంది అడిగినా చాలు, తాను మళ్లీ బొమ్మల పనివాడు అవుతాడు. అతని ఆశంతా అదే.

పాలరాతి పొడి కలిపి బొమ్మ పోశాడు. రబ్బరు అచ్చు పాతది కావడంతో విప్పుతున్నప్పుడు కుడిచెయ్యి దగ్గర చిరిగిపోయింది. బొమ్మకు మాత్రం ఏమీ కాలేదు. ముఖం, జుట్టు ముడి, పల్చటి బట్ట మడతలు, అన్నీ బాగా వచ్చాయి. కౌసర్ వచ్చి చూసి, "గోళ్లు కూడా వచ్చినాయే," అంది.

హాలు ప్రారంభం గురువారం. మంగళవారం మధ్యాహ్నం రెహాన్, పక్క షెడ్డులో ఉండే ట్రాలీ ఆటో జయన్న, ఇద్దరూ కలిసి బొమ్మను లేపుతుంటే జయన్న కాలు జారింది. బొమ్మ పక్కకు వాలి ఇనుప స్తంభానికి తగిలింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి, కిందపడి ముక్కలైంది.

ముక్కలన్నీ ఏరి చూశారు. అతికించడానికి లేదు. మళ్లీ పోద్దామంటే అచ్చులో ఆ భాగమే చిరిగిపోయి ఉంది. రెహాన్ సాయంత్రం దాకా బంకమట్టితో చెయ్యి చేయాలని కూర్చున్నాడు. చేసిన ప్రతి చెయ్యీ ఉబ్బిన గ్లౌజులాగా వచ్చింది. అచ్చులో పోయడమే తప్ప సొంతంగా బొమ్మ చేయడం తనకు రాదని అతనికి తెలుసు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"నాగేశ్వరయ్యకు ఫోన్ చేసి సెప్పబ్బా, వారం టైం అడుగు," అన్నాడు జయన్న.

"ప్రారంభానికి లేకపోతే ఇంక ఆయనకెందుకు జయన్నా? ఆ చోట పూలకుండీ పెట్టుకుంటాడు."

బుధవారం పొద్దున కౌసర్ చట్రం ముందు కూర్చుని కుట్టుకుంటోంది. రెహాన్ వాకిట్లో నిలబడి ఆమె చెయ్యి చూశాడు. సన్నటి పొడుగాటి వేళ్లు. సూది పట్టీ పట్టీ కొసలు కొంచెం వంగి ఉంటాయి. అచ్చం బొమ్మ వేళ్లు.

"ఆపా, నీ చెయ్యి అరగంట ఇయ్యి," అన్నాడు.

జరిగింది చెప్పాడు. ఆమె చెయ్యి మీద అచ్చు తీసి, దాంట్లో పోసి, బొమ్మకు అతికిస్తాడు. కౌసర్ నవ్వింది. "నా చెయ్యి పెండ్లిండ్లు సూస్తా నిలబడుకుంటాదా?" అని సూది గుచ్చి లేచింది.

మనిషి చేతి మీద అచ్చు తీయడానికి బెంగుళూరులో వేరే పొడి వాడేవాళ్లు. పంటి డాక్టర్లు పళ్ల కొలతలు తీసుకునే పొడి అది. చల్లగా ఉంటుంది, మెత్తగా గట్టిపడుతుంది. అది తెప్పించాలంటే రెండు రోజులు పడుతుంది. అందుకని రెహాన్ సీలింగులకు వాడే పీఓపీ పిండినే కలిపాడు. త్వరగా బిగుసుకోవాలని వేడినీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేశాడు. కౌసర్ చేతికి కొబ్బరినూనె రాశాడు. చెక్కపెట్టెలో పూలగుత్తికి బదులు గుడ్డ ముద్ద పెట్టి, దాని మీద ఆమె చెయ్యిని బొమ్మ పట్టుకున్నట్లే వంచి పెట్టించాడు. చేతి చుట్టూ ఒక గట్టి దారం పరిచాడు. పిండి బిగుసుకునే ముందర ఆ దారం లాగితే అచ్చు రెండు ముక్కలై ఊడి రావాలి. ఆ తరవాత పెట్టె నిండా పోశాడు.

"ఎచ్చగా బాగుంది," అంది కౌసర్ మొదట.

ఉప్పు ఎక్కువైంది. రెండు నిమిషాలకే పిండి గట్టిపడింది. రెహాన్ దారం లాగితే మధ్యలో తెగి సగం లోపలే ఉండిపోయింది.

"రెహాన్, కాలతాంది," అంది కౌసర్.

"బిగుసుకునేటప్పుడు వేడి పుడతాది ఆపా. రెండు నిమిషాలు ఓర్చుకో."

ఆమె ఓర్చుకుంది. పెదవి కొరుక్కుని గోడవైపు చూస్తూ కూర్చుంది. కొంచెం సేపటికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది. "ఇంక నాతో కాదు, తియ్యి," అంది. చెయ్యి లాగబోతే రాలేదు. రాయి కరిచి పట్టుకున్నట్లు ఉంది.

రెహాన్ పెట్టె చెక్కలు ఊడబీకాడు. లోపలిది తెల్లటి దిమ్మె, ముట్టుకుంటే పొయ్యి మీది పెనంలా ఉంది. ఉలి, సుత్తి తీసుకున్నాడు. దారం గీత ఎక్కడుందో చూసుకుని, దాని వెంబడి చిన్న చిన్న దెబ్బలు వేయడం మొదలుపెట్టాడు. కౌసర్ అరవలేదు. గొంతులోంచి ఒక సన్నటి చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది. ఇందు కుండలోని చల్లటి నీళ్లు తెచ్చి దిమ్మె మీద పోసింది. చప్పుడు విని జయన్న పరిగెత్తుకొచ్చాడు.

"ఏందప్పా ఆ కొట్టేది? గట్టిగా కొట్టి పగలగొట్టు," అన్నాడు.

"చేతికి తగలతాది జయన్నా."

అది నిజమే. కాని మొత్తం నిజం కాదు. దిమ్మె గీత మీదే రెండుగా విడిపోతే లోపల అచ్చు నిలుస్తుందని రెహాన్ చేతులకు తెలుసు. అవి అందుకే నిదానంగా కొట్టాయి. పావుగంట పట్టింది.

దిమ్మె రెండుగా విడిపోయింది. కౌసర్ చెయ్యి బయటికి వచ్చింది. వేళ్లు తెల్లగా, ఉడకబెట్టినట్లు ఉన్నాయి. బకెట్ నీళ్లలో పెట్టి కూర్చోబెట్టారు. కొంతసేపయ్యాక ఆమె ఊపిరి నిలకడగా వచ్చింది.

"మంట తగ్గింది. ఇప్పుడేం తెలియడం లేదు," అంది.

రెహాన్‌కు గుండె మీది బరువు దిగినట్లయింది. అల్లా దయ అనుకున్నాడు.

"ఆస్పత్రికి పోదాం అక్కా," అంది ఇందు.

"నొప్పే లేకపోతే ఆస్పత్రి యాల? మందు పూస్తే సరిపోతాది. రెహాన్, నువ్వు పోయి పని సూసుకో. రేపే గదా."

జయన్న ఇద్దరినీ మార్చి మార్చి చూసి బయటికి వెళ్లిపోయాడు. రెహాన్ షెడ్డులోకి వెళ్లి ఆ రెండు ముక్కలూ వెలుతురులో పట్టుకుని చూశాడు. వేలి గీతలతో సహా పడ్డాయి. చూపుడువేలి పక్కన సూది గుచ్చుకున్న పాత మచ్చ కూడా పడింది. తన బతుకులో అంత మంచి అచ్చు ఎన్నడూ తీయలేదు. సాయంత్రానికి చెయ్యి పోసి, సానబెట్టి, బొమ్మకు అతికించాడు. అతుకు ఎక్కడో తనకే కనపడలేదు.

అన్నం దగ్గర కౌసర్ ఎడమచేత్తో తినింది. కట్టు కింద వేళ్లు లావెక్కాయి. కొసలు నీలంగా ఉన్నాయి.

"పొద్దున్నే ఎమ్మిగనూరులో బొమ్మ దించేసి వస్తా ఆపా. రాంగానే డాక్టరు కాడికి పోదాం."

"సరే," అంది కౌసర్.

గురువారం పొద్దున ట్రాలీలో పరుపు మీద బొమ్మను పడుకోబెట్టి తీసుకెళ్లారు. హాలు ముందర అరటిచెట్లు కట్టి ఉన్నాయి, సన్నాయి వాయిస్తున్నారు. బొమ్మను పీఠం మీద నిలబెట్టి గుడ్డ తీసేసరికి చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపారు. నాగేశ్వరయ్య కూతురు మాధురి బొమ్మ చేతిని వేలితో తాకి చూసింది.

"నరాలు కూడా కనపడుతున్నాయి నాన్నా. బతికున్న చెయ్యి మాదిరే ఉంది," అంది.

నాగేశ్వరయ్య రెహాన్ భుజం మీద చెయ్యివేసి పదిమందికి పరిచయం చేశాడు. బళ్లారి నుంచి వచ్చిన ఒక ఆయన నంబరు రాసుకున్నాడు. వెళ్లొస్తానంటే నాగేశ్వరయ్య ఒప్పుకోలేదు. "పని చేసినోడు తినకుండా పోతే నాకు బాగుంటుందా?" అని పంక్తిలో కూర్చోబెట్టాడు. జయన్న మాత్రం తినకుండా ట్రాలీ దగ్గరే నిలబడ్డాడు. సన్నాయి హోరులో రెహాన్ జేబులో ఫోన్ మోగడం అతనికి వినపడలేదు.

చెయ్యి కడుక్కుని ఫోన్ తీస్తే ఇందువి పదకొండు కాల్స్ ఉన్నాయి.

"అన్నా, అక్క వేళ్లు నల్లగా అయిపోయినాయి," అంది ఇందు ఏడుస్తూ. "ఆదోని ఆస్పత్రికి తీసకపోతే ఈడ కాదు, కర్నూలుకు పొమ్మన్నారు. అంబులెన్సులో పోతాండాం. ఎమ్మిగనూరు దాటినాం. మీ హాలు ముందర నుంచే వచ్చినాం అన్నా, మైకు పాటలు వినపడినాయి. ఆపమంటే డ్రైవరు ఆపల్యా."

రెహాన్ రోడ్డు మీదికి పరిగెత్తాడు. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి సాయంత్రం అయింది. కౌసర్ మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని ఉంది. వార్డు బయట ఒక డాక్టరమ్మ అతనితో మాట్లాడింది.

"చర్మం ఒక్కటే కాదు, లోపల నరాలు కూడా కాలిపోయాయి. అందుకే ఆమెకు నొప్పి తెలియలేదు. నొప్పి పోవడం మంచిది అనుకున్నారా?"

"నిన్ననే వచ్చింటే వేళ్లు మిగిలేవా మేడం?"

"ఒకటో రెండో మిగిలేవేమో. మిగిలేవి కావేమో కూడా. నేను చెప్పలేను."

అవునని చెప్పి ఉంటే రెహాన్ అక్కడే కూలబడి ఏడ్చేవాడు. కాదని చెప్పి ఉంటే ఎప్పటికైనా నిద్రపట్టేది. రెండూ చెప్పకపోయేసరికి ఏం చేయాలో తెలియక, వరండాలో గోడకు తల ఆనించి నిలబడ్డాడు. అల్లాను ఏమని అడగాలో కూడా తోచలేదు. శనివారం మూడు వేళ్లు తీసేశారు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

నెల తరవాత ఇంటికి వచ్చారు. కౌసర్ చట్రం ముందు కూర్చుని ఇందు కుడుతుంటే చూసేది. ఏ పూస ఎక్కడ వేయాలో నోటితో చెప్పేది. చెప్పలేకపోయినప్పుడు కుడిచెయ్యి దానంతటదే సూది కోసం లేచేది. వెంటనే దాన్ని ఒడిలో పెట్టుకుని కొంగు కప్పుకునేది. రెహాన్‌ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేది, బట్టలు ఆరేసేది. బళ్లారి ఆయన రెండుసార్లు ఫోన్ చేస్తే రెహాన్ ఎత్తలేదు.

చూడ్డానికి అచ్చం వేళ్లలాగే ఉండే రబ్బరు వేళ్లు చేస్తారని ఆస్పత్రిలో ఎవరో చెప్పారు. రెహాన్ ఆ మాట పట్టుకున్నాడు. ఆ వేళ్ల కొలత ఉన్నది లోకంలో ఒక్కచోటే. అచ్చు ముక్కలు ఆ రోజే, పోసిన చెయ్యి బయటికి తీసేటప్పుడు పగిలిపోయాయి. మిగిలింది బొమ్మ చెయ్యే. ఎమ్మిగనూరు వెళ్లి నాగేశ్వరయ్యను కలిసి, బొమ్మ చేతి మీద కొలత తీసుకోవడానికి గంట టైం ఇమ్మన్నాడు.

"దేనికప్పా? ఎవురికైనా ఇంకొకటి చేస్తాండావా?"

అబద్ధం చెప్పాలనే రెహాన్ నోరు తెరిచాడు. చెప్పలేక జరిగిందంతా చెప్పేశాడు. నాగేశ్వరయ్య మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"ప్రారంభం నాడు ఈడ భోంచేస్తాంటివి గదప్పా," అన్నాడు చివరికి.

"అవును సార్."

"నేనే కూర్చోబెట్టినా." ఆయన తల తిప్పుకుని, "ఇంట్లో ఆడోళ్లకు తెలిస్తే పెండ్లిండ్లు జరిగే చోట ఉంచనియ్యరు. నాకూ చూడాలంటే కష్టం. తీసకపో నాయనా," అన్నాడు.

జయన్న ట్రాలీలో బొమ్మ తిరిగి షెడ్డుకు వచ్చింది. పైన కప్పిన పట్ట తీస్తుండగా వెనక అడుగుల చప్పుడైంది. కౌసర్ వచ్చి బొమ్మ ముందర నిలబడింది. కొత్త చెయ్యి అతికించాక ఆమె బొమ్మను చూడటం అదే మొదలు. ఎడమచెయ్యి చాచి బొమ్మ వేళ్లను ఒక్కొక్కటే తడిమింది. చూపుడువేలి మచ్చ దగ్గర ఆగింది.

"ఈ అచ్చు పగలకూడదనే గదా, నిదానంగా కొట్టినావు," అంది.

రెహాన్ నేల చూశాడు. ఇన్నాళ్లూ ఎవరూ అడగని ప్రశ్న అది.

"అవును ఆపా."

"నాకు అప్పుడే తెలుసు. ఉలి యాడ పెడతాండావో సూస్తానే ఉన్నా. నాకు తెలిసీ ఓర్చుకుంటి. నీకు ఈ పని ఎంత ఇదో నాకు తెల్సు గదా." ఆమె గొంతు పెరగలేదు. "మంట పోయిందని సెప్పింది నేనే. పని సూసుకోమన్నదీ నేనే. అందుకే నిన్ను తిట్టలేక సస్తాండా రెహాన్. తిట్టకుండా ఈ ఇంట్లో ఉండలేను."

అతను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేయలేదు. ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం కౌసర్ కర్ణాటక సరిహద్దు ఊరు హొళగుందలో ఉండే పిన్నమ్మ సుగ్రాబీ దగ్గరికి వెళ్లిపోయింది. రెహాన్ బస్సు ఎక్కించి, సీటు కింద పెట్టె సర్ది, కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. పోవద్దని చాలాసార్లు అన్నాడు. "ఎండ తగలతాంది, ఇంటికి పో," అంది కౌసర్.

బొమ్మ చేతి మీద అచ్చు తీసి, రెండు నెలలు కష్టపడి అతను ఆ రబ్బరు వేళ్లు చేశాడు. మూడుసార్లు రంగు కుదరక పారేశాడు. నాలుగోసారి కుదిరింది. గోరు కింద గులాబీ ఛాయ కూడా వచ్చింది. చిన్న డబ్బాలో దూది పరిచి పెట్టుకుని హొళగుంద వెళ్లాడు.

సుగ్రాబీ ఇంటి అరుగు మీద కౌసర్ కూర్చుని ఉంది. ముందర చిన్న చట్రం, దాని మీద తెల్లగుడ్డ. ఎడమచేత్తో సూది పట్టుకుని గొలుసుకుట్టు వేస్తోంది. వరస ఎగుడుదిగుడుగా ఉంది. పక్కన ఇద్దరు కన్నడం అమ్మాయిలు ఆమెను చూసి నేర్చుకుంటున్నారు. వాళ్లవి ఆమె కుట్టుకన్నా నేరుగా ఉన్నాయి.

రెహాన్ ఇచ్చిన వేళ్లను కౌసర్ తొడుక్కుని చూసింది. చెయ్యి తిప్పి చూసింది. అచ్చం పాత చెయ్యే. సుగ్రాబీ కళ్లు తుడుచుకుంది. కౌసర్ సూది పట్టుకోబోతే అది రబ్బరు వేళ్ల మధ్యనుంచి జారి కిందపడింది. ఆమె వాటిని మెల్లగా తీసి దూదిలో పెట్టింది.

"బాగా చేసినావు. దాచి పెడతా. యాడికైనా పెండ్లికి పోతే పెట్టుకుంటా," అంది.

"ఇంటికి రా ఆపా."

"ఈడ బాగుంది నాకు." కింద పడిన సూదిని వెతికి తీసుకుంది. "సీలింగు పనులు వస్తాండాయా?"

"వస్తాండాయి. బొమ్మలు మానేసినా."

ఆమె ఎగుడుదిగుడు కుట్టును చూసి, అంతా విప్పి, దారం మళ్లీ మొదటినుంచి వేయడం మొదలుపెట్టింది. రెహాన్ పక్కనే కూర్చున్నాడు. సుగ్రాబీ టీ తెచ్చి ఇచ్చింది. కన్నడం అమ్మాయిలు వాళ్ల మాటల్లో ఏదో అడిగితే కౌసర్ వచ్చీరాని కన్నడంలో జవాబు చెప్పింది.

నాలుగింటికి ఆదోని బస్సు హారన్ వినపడింది.

"అదే ఆఖరు బస్సు. లెయ్," అంది కౌసర్ తల ఎత్తకుండానే. అతను లేచి చెప్పులు వేసుకున్నాక, "వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు పదో నంబరు సూదులు తెచ్చి పెట్టు. ఈడ దొరకవు," అంది.

"తెస్తా ఆపా," అని రెహాన్ బస్సు వైపు నడిచాడు.